మనసొప్పుత లేదు - ఎవరు ఎవరితో అంటున్న మాట?

 

పత్తి ఏరడం మొదలైతే చాలు, ఆదిలాబాద్ వైపు దారులన్నీ తెల్లబడిపోతాయి. మార్కెట్ యార్డుకు వెళ్లే ట్రాక్టర్ల నుంచి, వ్యాన్ల నుంచి రాలిన పత్తి రోడ్డు పక్క తుమ్మకంపలకు అంటుకుని ఉంటుంది. అలాంటి రోజుల్లోనే ఒక రాత్రి ఇషా నమాజు అయ్యాక అందరూ వెళ్లిపోయినా ఒక రైతు మాత్రం సఫ్‌లోనే కూర్చుండిపోయారు. యాభై దాటిన మనిషి. ఆయన పేరు, ఊరు పాఠకులకు అవసరం లేదు. విషయం మాత్రం ఆయన అనుమతితోనే రాస్తున్నాం.

ఆయన చేసింది ఇది. పత్తిని ఒక ప్రైవేటు వ్యాపారికి అమ్మే ముందు రాత్రి, బండిలో అడుగు వరుసల మీద నీళ్లు చల్లారు. పైన పొడి పత్తి కప్పారు. పత్తిలో తేమ ఎంతుందన్నది ధరను తేల్చే విషయమని రైతు కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు. కాటన్ కార్పొరేషన్ వారైతే తేమ 8 శాతం ఉంటే పూర్తి మద్దతు ధర ఇస్తారు, ఆపైన 12 శాతం దాకా కోత పెడతారు, అది కూడా దాటితే కొనరు. వ్యాపారుల దగ్గరా తేమ మీటరు ఉంటుంది. ఆ రోజు మీటరు ముల్లు పై వరుసల్లోనే దిగింది. పత్తి తూకమైంది, డబ్బు చేతికొచ్చింది.

"మౌలానా సాబ్, ఎవ్వరూ చూడలే. నా ఇంట్లామెకు గూడ తెల్వదు. పైసలు అచ్చినయ్, ఖర్చు గూడ అయినయ్. కానీ మనసొప్పుత లేదు. నిద్ర పడ్తలేదు" అన్నారాయన.

కాసేపు ఆగి ఇంకో మాట కూడా అన్నారు. ఆ వ్యాపారి క్వింటాలుకు రెండు కిలోల చొప్పున తరుగు పేరుతో కోస్తాడట. "ఆయన నా దగ్గర కోసిండు, నేను ఆయన దగ్గర కోసిన. లెక్క సరిపోయింది గదా?"

లెక్క సరిపోతే ఆయన మసీదులో అంతసేపు కూర్చునేవారు కాదు.

'మనసొప్పుత లేదు' అన్న ఈ మాట మన ఇళ్లలో ఎన్నిసార్లు వినిపిస్తుందో! ఉర్దూలోనూ 'దిల్ నహీ మాన్తా' అంటాం. రోజూ అనే మాట కాబట్టి దాని లోపలికి తొంగిచూడం. నీళ్లు చల్లిన చెయ్యి ఆయనదే. ఒప్పుకోని మనసూ ఆయనదే. ఒకే మనిషిలో ఒకరు పనిచేస్తున్నారు, ఒకరు నిలబడి చూస్తున్నారు. ఎద్దు పక్కవారి చేన్లో పడి మేస్తుంది, కర్ర చూపిస్తే బయటికి వస్తుంది. రాత్రి కొట్టంలో హాయిగా నెమరు వేస్తుందే తప్ప, పరాయి చేను మేశానే అని నిద్ర మానుకోదు. ఈనాడు ఫోన్లలో మనిషిలా మాట్లాడే యంత్రాలు వచ్చాయి. తప్పు చూపితే 'క్షమించండి' అని కూడా అంటున్నాయి. ఆ మాట అన్నందుకు అవి మసీదులో ఇషా తర్వాత కూర్చుండిపోవు.

తన గురించి తనకు ఉన్న ఈ ఎరుకకూ, ఈమాన్‌కూ సంబంధం ఏమిటి? ఈ నెల పాఠంలో మనం తెలుసుకోదలచింది ఇదే.

నఫ్స్ అంటే ఏమిటి?

ముందుగా ఒక పదం సంగతి తేల్చుకోవాలి. దివ్య ఖుర్ఆన్ మనిషి లోపలి 'నేను'ను సూచించడానికి 'నఫ్స్' అనే పదం వాడుతుంది. ఉర్దూ మాట్లాడే మన ఇళ్లలో నఫ్స్ అనగానే కోరిక, కామం, తిండియావ గుర్తుకొస్తాయి. 'నఫ్స్‌ను చంపుకోవాలి' అని బయానుల్లో వింటూ పెరిగాం. ఖుర్ఆన్‌లో ఆ పదం అంత ఇరుకైనది కాదు. ప్రతి నఫ్స్ మరణాన్ని చవిచూస్తుందని ఆలి ఇమ్రాన్ సూరా (3:185) చెప్పినప్పుడు దాని అర్థం 'ప్రతి ప్రాణి, ప్రతి మనిషి' అనే. నఫ్స్ అంటే మనిషి తానే.

తెలుగులో చదివేవారికి మరో చిక్కు ఉంది. మన పుస్తకాల్లో నఫ్స్‌కు 'ఆత్మ' అని, రూహ్‌కు కూడా 'ఆత్మ' అనే రాస్తుంటారు. వేరే మాట దొరక్క రాస్తారు, తప్పుపట్టడం లేదు. అయితే మన చుట్టూ ఉన్న సమాజంలో ఆత్మ అనే మాటకు వేరే నేపథ్యం ఉంది. ఆత్మ పరమాత్మలో ఒక అంశమనీ, చివరికి రెండూ ఒకటేననీ బోధించే తత్వం ఆ మాట వెంట వస్తుంది. ఇస్లాం చెప్పేది అది కాదు. నాలోని 'నేను' దైవంలో ఒక ముక్క కాదు, దైవం సృష్టించిన దాసుడు. మనిషిలో అల్లాహ్ తన రూహ్‌ను ఊదాడని ఖుర్ఆన్ (15:29) చెప్పడం మనిషికి ఇచ్చిన గౌరవమే తప్ప, దైవత్వంలో వాటా ఇవ్వడం కాదని మన ఉలమా వివరించారు. కాబట్టి ఈ పాఠంలో నఫ్స్ అనే మాటనే వాడుతున్నాం.

ఈ నఫ్స్ మూడు స్థితుల్లో ఉంటుందని ఖుర్ఆన్ ఆధారంగా చెబుతారు. చెడు వైపు ఉసిగొల్పే నఫ్సె అమ్మారా (12:53), తన తప్పుకు తననే నిందించుకునే నఫ్సె లవ్వామా (75:2), తృప్తి పొంది నిలకడగా ఉన్న నఫ్సె ముత్మయిన్నా (89:27). ఇవి మూడు వేర్వేరు నఫ్స్‌లు కావు. బండికి నీళ్లు చల్లిన రాత్రి మొదటిది, మసీదులో కూర్చున్న రాత్రి రెండవది. ఇద్దరూ ఒకరే.

రెండు ప్రమాణాలు

అల్ ఖియామహ్ సూరా మొదటి రెండు ఆయతులను పాఠకులు ఒకసారి ముస్‌హఫ్ తెరిచి చూడాలి. అల్లాహ్ అక్కడ రెండింటి మీద ప్రమాణం చేస్తున్నాడు. ఒకటి ప్రళయదినం. రెండవది నిందించుకునే నఫ్స్. ప్రళయదినం భూమ్యాకాశాలు కదిలిపోయే మహా సంఘటన. నఫ్సె లవ్వామా ఒక రైతు గుండెలో రాత్రిపూట మెదిలే చిన్న కలత. ఈ రెండింటినీ పక్కపక్కన ఎందుకు ఉంచినట్టు?

మా గురువులు చెప్పిన ఉపమానం ఒకటి గుర్తొస్తోంది. తాలూకాలో మున్సిఫ్ కోర్టు ఉందంటే ఎక్కడో హైకోర్టు ఉందన్న మాట. చిన్న కోర్టు తనంతట తాను పుట్టదు. మన లోపల ఒక విచారణ జరుగుతోంది. అందులో సాక్షి ఉన్నాడు, ముద్దాయి ఉన్నాడు, అభియోగం ఉంది. తీర్పు అమలు చేసే అధికారం మాత్రం దానికి లేదు. మనసు నిందిస్తుంది గాని పత్తి వ్యాపారికి డబ్బు తిరిగి ఇప్పించలేదు. హత్య చేసినవాడి మనసు హతుడిని బ్రతికించలేదు. అభియోగం నమోదై, తీర్పు అమలు కాకుండా ఉండిపోయిన ఫైళ్లతో నిండిన కోర్టు అది. ఆ ఫైళ్లన్నీ ఎక్కడో ఒకచోట తెరవబడాలని మన లోపలే ఒక గట్టి నమ్మకం ఉంది. ఆ నమ్మకానికి ఖుర్ఆన్ పెట్టిన పేరు ఆఖిరత్.

అదే సూరాలో 14, 15 ఆయతులు ఇంకా దగ్గరికి వస్తాయి. మనిషి తన గురించి తానే బాగా ఎరిగినవాడు, ఎన్ని సాకులు ముందుకు తెచ్చినా సరే, అన్నది వాటి భావం. సాకుల మాట అక్కడే ఎందుకు వచ్చిందో గమనించండి. ఎరుక లేనివాడికి సాకు అవసరం లేదు. తనకు తెలుసు కాబట్టే సాకు వెతుకుతాడు.

మదీనా బజారులో జరిగిన సంఘటన మనందరికీ తెలిసిందే. దైవప్రవక్త (స) ఒక ధాన్యపు కుప్ప పక్కగా వెళుతూ అందులో చెయ్యి పెట్టారు. వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే, వర్షానికి తడిసిందని యజమాని చెప్పాడు. తడిసిన ధాన్యం జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన (స) అడిగారు. మోసం చేసేవాడు తమవాడు కాడని హెచ్చరించారు. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు ముస్లిం గ్రంథంలో ఉంది.

ఈ హదీసును తూకంలో మోసం గురించి ఎన్నోసార్లు చదివాం గాని, అందులోని ఒక సున్నితమైన విషయం మీద ఆగి ఆలోచించలేదు. ఆ మనిషి నీళ్లు చల్లలేదు. వాన పడింది. వాన ఆయన తప్పు కాదు. ఆయన చేసిందల్లా తడి ధాన్యాన్ని కిందికి, పొడి ధాన్యాన్ని పైకి చేర్చడం. పైన ఏది ఉండాలో, కింద ఏది ఉండాలో ఎంచుకున్నప్పుడే ఆయనకు అంతా తెలుసు. దాచినవాడి ఎరుకే అక్కడ ఆధారమైంది. తేమ మీటరు పత్తిలో నీటిని కొలుస్తుంది. అది మంచు తేమా, వాన తేమా, బిందెతో చల్లిన తేమా అన్నది మీటరు చెప్పదు. ఆ విషయం తెలిసినవారు ఇద్దరే. ఒకరు చల్లినవాడు, రెండవవాడు అల్లాహ్.

ఇప్పుడు తరుగు సంగతికి వద్దాం. మేము ఆ రైతును ఒక్క ప్రశ్న అడిగాం. "చాచా, తరుగు లెక్క ముందు వేసి, ఆ లెక్క ప్రకారం నీళ్లు చల్లారా? లేక నీళ్లు చల్లేసి, ఆ తర్వాత తరుగు లెక్క వేశారా?" ఆయన ఏమీ అనలేదు. జవాబు ఇప్పుడే చెప్పనక్కరలేదని, వచ్చే జుమా నాడు చెప్పమని అన్నాం. ఆ ప్రశ్నకు జవాబు మాకు తెలియదు, వ్యాపారికి తెలియదు, ఏ ముఫ్తీ ఫత్వా పుస్తకంలోనూ దొరకదు. పాపమంటే గుండెలో గుచ్చుకునేది, జనానికి తెలియడం నీకు ఇష్టంలేనిది అని దైవప్రవక్త (స) బోధించినట్టు హజ్రత్ నవ్వాస్ బిన్ సమ్ఆన్ (రజి) ఉల్లేఖనం (ముస్లిం) ఉంది కదా, అది ఇలాంటి చోటే పనికొస్తుంది.

ఇది ఇంట్లో నేర్పిన అలవాటు కాదా?

కరీంనగర్‌లో ఇంజనీరింగ్ చదివే ఒక కుర్రవాడు ఇదే విషయం మీద మమ్మల్ని నిలదీశాడు. చిన్నప్పటి నుంచి అమ్మానాన్నలు 'తప్పు, తప్పు' అని భయపెట్టారు కాబట్టి మనసు గుచ్చుకుంటుంది, వేరే ఇంట్లో పుట్టి ఉంటే వేరే దానికి గుచ్చుకునేది, ముస్లిం ఇంట్లో పుట్టాను కాబట్టి ముస్లింనయ్యాను, ఇందులో నా విశ్వాసం ఎంత అన్నది అతని ప్రశ్న. ఇంట్లో అడిగితే తిట్లు తిన్నాడట. తల్లిదండ్రులకు మా విన్నపం, ఇలాంటి ప్రశ్న అడిగే పిల్లవాడిని కొట్టకండి. అతను దీన్ నుంచి పారిపోవడం లేదు, తన దీన్ తనదేనా అని తడిమి చూసుకుంటున్నాడు.

అతని ప్రశ్నలో సగం ఖుర్ఆన్ కూడా అడిగిందే. తాతముత్తాతలు నడిచిన దారి కాబట్టి నడుస్తున్నామన్న మక్కావాసుల వాదాన్ని ఖుర్ఆన్ (2:170) ఒప్పుకోలేదు. ముస్లిం ఇంట్లో పుట్టినవాడు మాత్రం అదే వాదంతో గట్టెక్కుతాడా? ప్రతి శిశువూ సహజ ప్రవృత్తి (ఫిత్రత్) మీద పుడుతుందని, తర్వాత తల్లిదండ్రులు తమ మతంవైపు తిప్పుకుంటారని తెలిపే హదీసు (బుఖారీ, ముస్లిం) పెంపకం ప్రభావాన్ని స్పష్టంగానే ఒప్పుకుంటోంది.

మిగిలిన సగం దగ్గర మాత్రం అతను తొందరపడ్డాడు. అమ్మ నేర్పింది 'ఇది తప్పు' అన్న జాబితాను. తప్పు అనేది ఒకటి ఉందనీ, దానికి నేను జవాబు చెప్పుకోవాలనీ గ్రహించే శక్తిని ఏ అమ్మా నేర్పలేదు. అది ముందే ఉంది కాబట్టే అమ్మ మాట ఎక్కింది. అష్షమ్స్ సూరా (91:7, 8) నఫ్స్‌ను తీర్చిదిద్ది, దాని చెడునూ దాని భయభక్తులనూ దానికి తెలియజేసిన సంగతి చెప్పినప్పుడు ముస్లిం నఫ్స్ అనలేదు. పక్క చేను గోండు రైతుకైనా, ఎదురింటి పద్మశాలి అన్నకైనా తప్పుడు తూకం వేస్తే మనసు ఒప్పదు. ఇది మనకు చిన్నతనం కాదు, ఖుర్ఆన్ మాటకు వారు కూడా సాక్ష్యమే.

అంతా మెదడులోని రసాయనాలే అన్నది అతని ఆఖరి మాట. అలాగే అనుకుందాం. దుబాయ్ నుంచి నాన్న ఫోన్ చేస్తే తరంగాల వల్లే గొంతు వినిపిస్తుంది. ఆ తరంగాల గురించి మాకంటే అతనికే ఎక్కువ తెలుసు. అంతమాత్రాన మాట్లాడింది తరంగమే, నాన్న కాదు అనడు కదా!

పూర్వం ఇబ్నె సీనా (980-1037) తన 'అష్షిఫా' గ్రంథంలో ఒక ఊహ చేశాడు. ఒక మనిషి ఒక్కసారిగా పూర్తి రూపంతో పుట్టి, గాలిలో తేలుతూ ఉన్నాడనుకోండి. కళ్లకు ఏమీ కనిపించదు, చేతికి చెయ్యి తగలదు, ఏ శబ్దమూ లేదు. తనకు శరీరం ఉందో లేదో కూడా అతనికి తెలియదు. అయినా 'నేను ఉన్నాను' అన్నది అతనికి తెలుస్తుంది. ఈ ఉదాహరణ ఆ కుర్రవాడికి బాగా నచ్చింది. మేము మాత్రం ఒక హద్దు గీశాం. ఇది 'నేను' అన్నది కళ్లకు, చెవులకు ముందే తెలిసే సంగతి అని చూపుతుంది. దైవం ఉన్నాడని దీనితోనే రుజువైపోదు. ఇబ్నె సీనా చెప్పిన అన్ని మాటలనూ మన ఉలమా ఒప్పుకోలేదు కూడా. ఇమామ్ గజాలీ (రహ్) కొన్ని విషయాల్లో ఆయనను తీవ్రంగా ఖండించారు. నేను ఉన్నానని తెలిసింది, నన్ను నేను చేసుకోలేదని కూడా తెలుసు. మరి ఎవరు చేశారు? అత్తూర్ సూరా (52:35) అడిగేది సరిగ్గా ఈ ప్రశ్నే. ఏ సృష్టికర్తా లేకుండానే పుట్టారా, లేక వారే సృష్టికర్తలా అని. ఆ ప్రశ్నను ఎవరికి వారు తమ లోపల అడుగుకోవాలి, మేము అతని తరఫున అడగలేం.

త్రాసుకు పట్టే తుప్పు

మనసు చెప్పింది కదా అని దాన్నే దీన్ చేసుకోవచ్చా? చేసుకోకూడదు. ఇది మన ఇళ్లలోనే కనిపిస్తుంది.

మన జిల్లాల్లో పెళ్లిళ్లు చూడండి. వలీమాలో బిర్యానీకి మాంసం కాస్త తగ్గితే, అయ్యో పరువు పోయిందే అని ఇంటి పెద్దకు రాత్రంతా నిద్ర పట్టదు. అదే పెద్దమనిషి పిల్లవాడి కోసం జోడా డబ్బు లక్షల్లో తీసుకుని, ఆడపిల్ల తండ్రి పొలం అమ్మిన సంగతి తెలిసి కూడా, కమ్మగా నిద్రపోతాడు. షరీఅత్ భార్యకు మహర్ ఇమ్మంది, ఆమె తండ్రి దగ్గర తీసుకోమనలేదు. నిద్ర పట్టాల్సిన చోట పట్టలేదు, పట్టకూడని చోట పట్టింది. అతని లోపల సాక్షి చచ్చిపోయాడా? లేదు. అల్లాహ్‌కు బదులు బంధువుల ముందు సాక్ష్యం చెప్పడం నేర్చుకున్నాడు.

తూకంలో మోసం చేసేవారి గురించి దిగిన అల్ ముతఫ్ఫిఫీన్ సూరాలోనే 14వ ఆయత్, వారు సంపాదించినదే వారి హృదయాలకు తుప్పులా పట్టిందని చెబుతుంది. తూకాల సూరాలోనే తుప్పు మాట రావడం మమ్మల్ని ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది. తుప్పు పట్టిన త్రాసు కూడా ఊగుతుంది, ముల్లు కూడా చూపుతుంది, కాని తప్పు చూపుతుంది. అందుకే దాన్ని సరిచూసే వేరే తూకపురాయి కావాలి. వహీ ఆ రాయి. మనసు లోపలి నుంచి, ఖుర్ఆన్ పైనుంచి ఒకే మాట చెబితే ఈమాన్‌కు కాళ్లు గట్టిపడతాయి.

ఇక్కడే ఒక ప్రసిద్ధ వాక్యం గురించి చెప్పాలి. తన నఫ్స్‌ను ఎరిగినవాడు తన ప్రభువును ఎరిగినట్టే అన్న అర్థంలో 'మన్ అరఫ నఫ్సహూ' అని మొదలయ్యే అరబీ మాటను ఉర్సుల్లో, బయానుల్లో హదీసుగా చదవడం విన్నాం. అది దైవప్రవక్త (స) పలుకుగా రుజువు కాలేదని ఇమామ్ నవవీ (రహ్) స్పష్టం చేశారు. యహ్యా బిన్ ముఆజ్ రాజీ (రహ్) అనే పూర్వకాలపు సూఫీ మాటగా చెబుతారు. మంచి మాట కావచ్చు, హదీసు మాత్రం కాదు. ప్రవక్త (స) అననిది అన్నారనడం చిన్న విషయం కాదు.

హదీసు కాని ఆ మాటకంటే బలమైనది ఖుర్ఆన్‌లోనే ఉంది, అదీ తిరగేసిన దిశలో. అల్ హష్ర్ సూరా 19వ ఆయత్, అల్లాహ్‌ను మరచినవారిని వారు తమను తామే మరచిపోయేలా ఆయన చేశాడని, వారిలా కాకండని హెచ్చరిస్తుంది. ప్రభువును మరచినవాడు తనను కూడా కోల్పోతాడు. జోడా డబ్బు తీసుకుని నిద్రపోయిన మనిషికి జరిగింది అదే. బంధువుల కళ్లలో తాను ఎలా ఉన్నాడో అతనికి ఖచ్చితంగా తెలుసు, తాను ఎవరో మాత్రం తెలియదు.

ఉర్దూ చదువుకున్న పాఠకులకు ఇక్బాల్ 'ఖుదీ' గుర్తొచ్చే ఉంటుంది. మదరసా జల్సాల్లో ఆ కవితలు చదవని పిల్లలు ఉండరు. 1915లో వచ్చిన 'అస్రారె ఖుదీ'లో ఆయన ఖుదీ ఎదుగుదలకు మొదటి మెట్టుగా పెట్టింది విధేయతను, రెండవది నఫ్స్ మీద అదుపును. ఆ తర్వాతే అల్లాహ్ ప్రతినిధిత్వం. మనవాళ్లు మొదటి రెండు మెట్లు వదిలేసి మూడవదాని మీద చప్పట్లు కొడతారు. తెలుగులో ఖుదీని 'అహం' అని అనువదించడం చూశాం, అది ఇంకా అన్యాయం.

గల్ఫ్ గదిలో

మన జగిత్యాల, మెట్‌పల్లి, కోరుట్ల, సిరిసిల్ల, నిర్మల్ వైపు గల్ఫ్‌కు వెళ్లని వాడకట్టు లేదు. దశాబ్దాలుగా తండ్రులు, ఆ తర్వాత కొడుకులు వెళుతూనే ఉన్నారు. అక్కడి నుంచి వచ్చినవారు డబ్బు సంగతులు, కఫీల్ సంగతులు చెబుతారు. ఒక సోదరుడు మాత్రం వేరే సంగతి చెప్పాడు. ఊళ్లో ఉన్నప్పుడు అయిదు పూటలా మసీదుకు వెళ్లేవాడట. రియాద్‌లో ఒక గదిలో ఎనిమిదిమంది, మంచాలు ఒకదాని మీద ఒకటి. ఎవరి షిఫ్టు వారిది. సెలవురోజు గదిలో ఒంటరిగా మిగిలినప్పుడు ఫజ్ర్ వదిలేశాడు. ఒక రోజు, రెండు రోజులు, ఒక నెల. పవిత్ర గృహం ఉన్న దేశంలోనే ఉన్నాడు, అయినా! "ఊళ్లో నన్ను లేపింది అజాన్ కాదు, నాన్న దగ్గు అని అక్కడ తెలిసింది" అన్నాడు.

ఈ మాట అనడానికి ధైర్యం కావాలి. అతను పడిపోయాడని మేము అనుకోలేదు. జీవితంలో మొదటిసారి తన ఈమాన్‌ను తాను తూకం వేసుకున్నాడు, తక్కువ తూగింది. నాన్న దగ్గుతో మొదలైన నమాజు తప్పు నమాజు కాదు, పిల్లలను అలాగే లేపాలి. కాని ఏదో ఒక వయసులో ఆ నమాజు నాన్న నుంచి కొడుకు చేతిలోకి మారాలి. జిబ్రీల్ (అలై) అడిగినప్పుడు దైవప్రవక్త (స) ఇహ్‌సాన్‌ను వివరించింది కూడా ఇలాంటి ఒంటరి గది గురించే అనిపిస్తుంది. అల్లాహ్‌ను చూస్తున్నట్టుగా ఆరాధించడం, నువ్వు చూడకపోయినా ఆయన నిన్ను చూస్తున్నాడని ఎరిగి ఉండటం. తనను తాను చూసుకునే కన్ను, తనను చూస్తున్న ప్రభువు ఉన్నాడని తెలుసుకున్నప్పుడు ఆ ఎరుక ఈమాన్ అవుతుంది. ఆ సోదరుడు ఒక్క ఫజ్ర్‌తో మళ్లీ మొదలుపెట్టాడు, అదీ ఎవరికీ చెప్పకుండా.

అతిగా తవ్వుకునేవారికి

ఇంతదాకా చదివి కొందరు సోదరీమణులు భయపడి ఉంటారు. వారికి వేరుగా చెప్పాలి. వుజూ అయిందో లేదోనని నాలుగుసార్లు చేసేవారు, నియ్యత్ కుదరలేదని తక్బీర్ మళ్లీ మళ్లీ అనేవారు, మనసులో ఒక చెడు ఆలోచన రాగానే తమ ఈమాన్ పోయిందని ఏడ్చేవారు ప్రతి ఊళ్లో ఒకరిద్దరు ఉంటారు. మీరు చేస్తున్నది ఆత్మపరిశీలన కాదు, వస్‌వసా. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. ఆత్మపరిశీలన ఒక పని చూపించి ఆగిపోతుంది, ఫలానావారికి ఇంత బాకీ, ఫలానా నమాజు ఖజా. వస్‌వసా ఏ పనీ చూపించదు, ఊరికే తిప్పుతుంది. నోటితో చెప్పుకోలేని ఆలోచనలు వస్తున్నాయని సహాబాలు వచ్చి బాధపడితే, ఆ బాధే స్పష్టమైన ఈమాన్ అని దైవప్రవక్త (స) వారికి ఊరట ఇచ్చారు (ముస్లిం). ఆ బాధ మరీ ఎక్కువై ఇంటిపని, నిద్ర చెడిపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. అందులో దీన్‌కు లోటేమీ లేదు.

హజ్రత్ హంజలా (రజి) సంగతి ఇంకా హాయి కలిగిస్తుంది. తాను మునాఫిఖ్ అయిపోయానని వీధిలో హజ్రత్ అబూబక్ర్ (రజి)తో చెప్పుకున్నారాయన. దైవప్రవక్త (స) సన్నిధిలో స్వర్గనరకాలు కళ్లముందున్నట్టు ఉంటాయి, ఇంటికెళ్లి భార్యాబిడ్డలతో, పొలం పనులతో పడితే చాలావరకు మరచిపోతున్నానని ఆయన బాధ. తనదీ అదే పరిస్థితి అన్నారు అబూబక్ర్ (రజి)! ఇద్దరూ కలిసి వెళ్లి చెబితే దైవప్రవక్త (స) కోప్పడలేదు. ఎప్పుడూ అదే స్థితిలో ఉంటే దైవదూతలు మీతో కరచాలనం చేసేవారని, కాని ఒక్కో సమయం ఒక్కోలా ఉంటుందని మూడుసార్లు చెప్పి పంపారు (ముస్లిం).

మీ లెక్క తీసుకోబడకముందే మీ లెక్క మీరే చూసుకోండని హజ్రత్ ఉమర్ (రజి) చెప్పిన మాట తిర్మిజీలో ఉంది. దుకాణం మూసేటప్పుడు గల్లా లెక్క చూసుకున్నట్టు, పడుకునే ముందు అయిదు నిమిషాలు చాలు. దీపం తీసేశాక ఆ రోజు ఎవరికైనా బాకీ పడ్డామా, ఏ పని ఎవరు చూడాలని చేశాం అని చూసుకోవడం. బాకీ ఉంటే తెల్లారి తీర్చాలి, లేకుంటే పడుకోవాలి. తవ్వుతూ కూర్చోవద్దు.

ఆ రైతు చాచా తర్వాతి జుమా నాడు వచ్చారు. నమాజు అయ్యాక పక్కకు పిలిచి, "తర్వాతనే ఏసిన మౌలానా సాబ్. నీళ్లు చల్లినంక యాదికొచ్చింది తరుగు" అన్నారు. తరుగు కోత అన్యాయమైతే దాని మీద పోరాడటం ఆయన హక్కేనని, అది మార్కెట్ కమిటీ ముందు పట్టపగలు చేయాలని చెప్పాం. తోటిమనిషి హక్కు తీసుకుంటే, అది తిరిగి ఇవ్వనిదే తౌబా పూర్తికాదని కూడా చెప్పాం. వ్యాపారి ముందు పరువు పోతుందని ఆయన భయం. తప్పు విప్పి చెప్పనక్కరలేదు, హక్కు చేరితే చాలు, ఏ పేరుతో ఇచ్చినా సరే అన్నాం.

జేబులోంచి కూతురి నోటుపుస్తకం కాగితం ఒకటి తీశారు. మూడు బిందెలు, బిందెకు పదిహేను లీటర్లు, దారిలో కారింది పోను 40 కిలోలు, క్వింటాలు 7,000 చొప్పున 2,800 రూపాయలు. అంతా రాసి ఉంది. "కారిపోయిన అయిదు కిలోలు గూడ కలపాల్నా?" అని అడిగారు. కారిందని మీకు ఖాయంగా తెలుసా అని అడిగాం. బండి కింద తడి చూసినట్టే గుర్తుంది గాని ఎంతో తెలియదన్నారు. అనుమానం కలిగించేదాన్ని వదిలి అనుమానం లేనిదానివైపు వెళ్లమన్న హదీసును గుర్తుచేశాం.

ఆయన మా పెన్ను అడిగి తీసుకుని, 40 కొట్టేసి 45 అని రాసుకున్నారు.